మొదటి ఎత్తు ఏది: చదరంగంలో తెల్లపావుల ఓపెనింగ్‌ను ఎంచుకునే తీరు

చదరంగంలో తెల్లపావులతో ఆడేవారికి మొదటి ఎత్తుగా ఇరవై దారులుంటాయి. ఎనిమిది బంట్లలో ప్రతిదీ ఒక గడి గానీ రెండు గడులు గానీ ముందుకు జరగవచ్చు, రెండు గుర్రాల్లో ప్రతిదీ రెండు చోట్లకు దూకవచ్చు. అయితే పెద్ద టోర్నమెంట్లలో దశాబ్దాలుగా నిలదొక్కుకున్నవి నాలుగే: రాజు ముందున్న బంటును రెండు గడులు తోసే ఇ4, మంత్రి ముందున్న బంటును తోసే డి4, దాని పక్క బంటును తోసే సి4, రాజు వైపు గుర్రాన్ని ఎఫ్3కి తెచ్చే ఎత్తు. పావుల కదలికలన్నీ తెలిసి, చిన్నాచితకా టోర్నమెంట్లు ఆడుతూ, ఇక ఒక ఓపెనింగ్‌ను, అంటే ఆట మొదట్లో ఆడే ఎత్తుల వరుసను, పట్టుకుని నేర్చుకోవాలనుకుంటున్న ఆటగాడి కోసం, అలాగే పిల్లలకు ఏది నేర్పించాలో తేల్చుకోలేని తల్లిదండ్రుల కోసం ఈ పోలిక రాస్తున్నాను. గడుల పేర్లను అక్షరంతో, అంకెతో రాశాను కాబట్టి పక్కన బోర్డు పరుచుకుని చదివితే వరుసలు సులువుగా అర్థమవుతాయి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ నాలుగింటిలో ఏది బలమైనదన్న ప్రశ్నకు క్లబ్ స్థాయి ఆటగాడి విషయంలో పెద్దగా అర్థం లేదు. పదిహేనో ఎత్తు దగ్గరికి వచ్చేసరికి బోర్డు మీద బంట్లు ఏ అమరికలో ఉంటాయి, ఆ అమరికలో ఏం చేయాలో మనకు తెలుసా, అక్కడిదాకా చేరడానికి ఎంత చదవాలి అన్న మూడు ప్రశ్నలకు వచ్చే జవాబులను బట్టే ఎంపిక జరగాలి.

బలంలో ఈ ఎత్తుల మధ్య తేడా ఎంత తక్కువో చూడాలంటే 2024 నవంబరు, డిసెంబరు నెలల్లో సింగపూర్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ చక్కని ఉదాహరణ. చెన్నైలోని తెలుగు కుటుంబంలో పుట్టిన దొమ్మరాజు గుకేశ్, అప్పటి చాంపియన్ డింగ్ లిరెన్ ఆడిన 14 గేముల్లో ఈ నాలుగు మొదటి ఎత్తులూ కనిపించాయి. ఇ4తో మొదలైన నాలుగు గేముల్లో మూడు డ్రా కాగా ఒకదానిలో నలుపు గెలిచింది. డి4తో మొదలైన నాలుగింటిలో మూడు డ్రా అయ్యాయి, ఒకటి తెలుపు గెలిచింది. గుర్రంతో మొదలైన నాలుగింటిలో తెలుపూ నలుపూ చెరొకటి గెలిచాయి, మిగిలిన రెండూ డ్రా. సి4 వచ్చిన రెండింటిలో ఒకటి డ్రా, ఒకటి తెలుపు గెలుపు. ఈ లెక్క చూసి ఫలానా ఎత్తు బలహీనమని ఎవరైనా అంటే అది పొరపాటే. గుర్రంతో మొదలై కిరీటాన్ని తేల్చిన చివరి గేములో కూడా ఓటమి ఓపెనింగ్ వల్ల రాలేదు. 55వ ఎత్తులో డింగ్ ఏనుగును ఎఫ్2కి జరపడం వల్ల వచ్చింది. ప్రారంభ స్థానాన్ని స్టాక్‌ఫిష్ వంటి ఇంజన్‌కు, అంటే చదరంగం ఆడే కంప్యూటర్ ప్రోగ్రాముకు ఇచ్చినా తెలుపుకు సగం బంటు ఆధిక్యం కూడా చూపదు, ఇ4కూ డి4కూ మధ్య అది చూపే తేడా మనుషులు ఆడే ఆటలో లెక్కలోకి రానంత చిన్నది.

ఇ4, డి4 మధ్య అసలు తేడా ఒక చిన్న విషయంలో మొదలవుతుంది. డి4లో నిలబడిన బంటుకు వెనుక మంత్రి కాపలా ఉంటుంది, ఇ4లో నిలబడిన బంటుకు ఏ కాపలా ఉండదు. అందువల్ల ఇ4 ఆడినప్పుడు నలుపు వెంటనే ఆ బంటు మీద దాడికి దిగగలదు, తెలుపు దాన్ని కాపాడుకోవడమో ముందుకు తోయడమో మార్చుకోవడమో చేయవలసి వస్తుంది. మరోవైపు ఇ4 ఒకే ఎత్తులో ఎఫ్1 బిషప్‌కూ మంత్రికీ దారి తెరుస్తుంది, రాజును త్వరగా క్యాస్లింగ్ చేయవచ్చు. పావులు ఒకదానికొకటి త్వరగా తగులుతాయి కాబట్టి ఇ4 ఆటలో పదో ఎత్తుకే లెక్క కట్టవలసిన పరిస్థితులు వస్తాయి. డి4 ఆటలో బంటు గట్టిగా నిలుస్తుంది, రెండో బంటును ఇ4కి తోయడానికి సమయం పడుతుంది, ఘర్షణ నెమ్మదిగా మొదలవుతుంది. నెమ్మది అంటే సులువు అని కాదు. తప్పు చేసిన వెంటనే శిక్ష పడదు, అంతే.

ముందుగా ఇ4. దీనితో వచ్చే అసలు చిక్కు ఏమిటంటే ఆట ఏ దారిన వెళ్లాలో నిర్ణయించేది చాలావరకు నలుపే. ఇ5 ఆడితే ఒక రకం ఆట, సి5తో సిసిలియన్ ఆడితే ఇంకో రకం, ఇ6తో ఫ్రెంచ్, సి6తో కారో-కాన్, డి5తో స్కాండినేవియన్. ఇవన్నీ వేర్వేరు బంట్ల అమరికలకు దారితీస్తాయి. సింగపూర్‌లో గుకేశ్ ఇ4 ఆడింది మూడు గేముల్లో. మూడింటిలోనూ డింగ్ ఫ్రెంచ్‌లోకే దింపాడు. ఇ4 ఎంచుకున్న ఆటగాడు తనకు నచ్చిన ఇటాలియన్ ఆట కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే కుదరదు, ప్రతి ప్రధాన రక్షణకూ ఒక జవాబు సిద్ధంగా ఉంచుకోవాలి.

నలుపు ఇ5 ఆడిందనుకుందాం. తెలుపు గుర్రం ఎఫ్3, నలుపు గుర్రం సి6, ఆ తర్వాత మూడు దారులు. బిషప్‌ను బి5కి తెచ్చే రుయ్ లోపెజ్ అన్నింటికన్నా లోతైనది, కానీ 2000లో లండన్‌లో క్రామ్నిక్ బెర్లిన్ రక్షణను పట్టుకుని అప్పటి ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్‌ను ఒక్క గేమూ గెలవనివ్వకుండా కిరీటం తీసుకున్న తర్వాత ఆ దారిలో చదవవలసింది ఇంకా పెరిగింది. మూడో ఎత్తులోనే డి4 తోసే స్కాచ్ నేరుగా ఉంటుంది, 1990 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కార్పోవ్ మీద కాస్పరోవ్ దాన్ని వాడిన తర్వాత మళ్లీ గౌరవం సంపాదించింది. బిషప్‌ను సి4కి తెచ్చే ఇటాలియన్‌ను నేను మొదట సూచిస్తాను, అయితే ఒక షరతుతో.

ఆ షరతు ఇది. నలుపు రెండో గుర్రాన్ని ఎఫ్6కి తెస్తే తెలుపు గుర్రాన్ని జి5కి దూకించి ఎఫ్7 మీద గురిపెట్టే వరుస పిల్లలందరికీ ఎంతో ఇష్టం. నలుపు డి5 తోస్తుంది, తెలుపు బంటుతో కొడుతుంది. ఇప్పుడు నలుపు ఆలోచించకుండా గుర్రంతో డి5ని కొడితే తెలుపు గుర్రం ఎఫ్7ని కొట్టి మంత్రి మీదా ఏనుగు మీదా ఒకేసారి పడుతుంది. రాజు దాన్ని కొట్టగానే మంత్రి ఎఫ్3కి వచ్చి చెక్ ఇస్తూ డి5 గుర్రం మీద కూడా కన్నేస్తుంది. ఆ గుర్రాన్ని కాపాడాలంటే నల్లరాజు ఇ6కి, అంటే బోర్డు మధ్యలోకి నడవాలి. చూడటానికి అద్భుతంగా ఉంటుంది. అయితే కొంచెం చదువుకున్న ప్రత్యర్థి డి5ని కొట్టడు, సి6లోని గుర్రాన్ని ఎ5కి తీసి బిషప్ మీద దాడి చేస్తాడు. తెలుపు బి5 నుంచి చెక్ ఇచ్చి, సి6 దగ్గర బంటును కొట్టి ఒక బంటు మిగుల్చుకుంటుంది గానీ, ఆ తర్వాత బిషప్ వెనక్కి జరగాలి, నలుపు హెచ్6 తోయగానే గుర్రం వెనక్కి రావాలి, ఇ4 తోయగానే అదే గుర్రం మళ్లీ కదలాలి. ఒక బంటు కోసం మూడు నాలుగు ఎత్తులు వెచ్చించినట్టవుతుంది, చొరవ నలుపు చేతికి వెళ్లిపోతుంది. ఇక్కడ తెలుపు ఓడిపోయిందని కాదు. కానీ మిగిల్చుకున్న బంటును నిలుపుకుంటూ రక్షణాత్మకంగా ఆడటం పదేళ్ల పిల్లవాడికి చేతకాదు, దాడి కోసం ఈ వరుస ఎంచుకున్నవాడికి నచ్చదు కూడా.

అందుకే ఇటాలియన్‌లో నాలుగో ఎత్తుగా డి3 ఆడే నెమ్మది దారి మేలు. సి3, క్యాస్లింగ్, ఏనుగు ఇ1కి, బి1 గుర్రం డి2 మీదుగా ఎఫ్1కి, అక్కడి నుంచి జి3కి. ఈ పథకం అర్థమైతే నలుపు ఎత్తుల వరుస మార్చినా కంగారు పడవలసిన పని లేదు, ఎందుకంటే బంట్ల అమరిక మారదు: తెలుపుకు ఇ4, డి3, సి3, నలుపుకు ఇ5, డి6. తర్వాత ఎప్పుడో డి4 తోయాలా వద్దా అన్నదే ప్రధాన ప్రశ్న. ఇప్పటి పెద్ద ఆటగాళ్లు కూడా ఈ నెమ్మది ఇటాలియన్‌ను విస్తారంగా ఆడుతున్నారు, కాబట్టి నేర్చుకున్నది రేపు స్థాయి పెరిగినా పనికొస్తుంది.

సిసిలియన్ దగ్గరికి వస్తే ఇ4 ఆటగాడి చదువు భారం ఎక్కువవుతుంది. గుర్రం ఎఫ్3, డి4తో వచ్చే ఓపెన్ సిసిలియన్‌లో నైడోర్ఫ్, డ్రాగన్, స్వేష్నికోవ్ వంటి ఉపశాఖలు ఒక్కొక్కటీ ఒక పుస్తకమంత ఉంటాయి, వాటిలో ఒక ఎత్తు మరిచిపోతే రాజు మీదికే ముప్పు వస్తుంది. ఉద్యోగం చేస్తూ వారాంతాల్లో ఆడేవారికి రెండో ఎత్తుగా సి3 తోసే అలాపిన్ సరిపోతుంది. దాని వెనకున్న తర్కం చూడముచ్చటగా ఉంటుంది. స్కాండినేవియన్‌లో నలుపు మంత్రి డి5కి వచ్చినప్పుడు తెలుపు గుర్రం సి3కి వచ్చి దాన్ని తరిమి ఒక ఎత్తు లాభం పొందుతుంది. అలాపిన్‌లో నలుపు డి5 తోసి, మంత్రితో తిరిగి కొట్టినప్పుడు సి3లో మన బంటే కూర్చుని ఉండటం వల్ల ఆ గుర్రం రాలేదు. కాబట్టి నలుపు మంత్రి మధ్యలో హాయిగా నిలుస్తుంది. ఇది అలాపిన్ లోపం. దానికి బదులుగా తెలుపు డి4 తోసి మధ్యలో బంటును నిలుపుకుంటుంది, చాలాసార్లు ఆ బంటు పక్కన తోడు లేని ఒంటరి బంటుగా మారుతుంది. ఒంటరి బంటుతో ఆడటం, అంటే పావులను చురుగ్గా ఉంచి రాజు వైపు దాడి చేయడం, మార్పిడులను తప్పించుకోవడం నేర్చుకున్నవారికి అలాపిన్‌లో కష్టం ఉండదు.

ఫ్రెంచ్‌లో ఇ5 తోసి ముందుకు వెళ్లడం, డి5లో మార్చుకోవడం అనేవి రెండు సులువైన దారులు. మార్పిడి దారిని డ్రా కోసమే ఆడతారన్న పేరుంది గానీ, సింగపూర్ అయిదో గేములో గుకేశ్ దాన్నే ఆడాడని గుర్తుంచుకోవాలి, ఆ గేము డ్రా అయిన మాట కూడా నిజమే. నేనైతే ముందుకు తోసే దారినే చెబుతాను, ఎందుకంటే డి4, ఇ5 బంట్ల గొలుసును నలుపు సి5తో మొదట్లోనే కదిలించడం, తెలుపు ఆ గొలుసు పునాదిని కాపాడుకోవడం అన్న పోరాటం ప్రతి ఆటగాడూ ఒకసారైనా నేర్చుకోవలసిన పాఠం.

ఇప్పుడు డి4. కోనేరు హంపి చాలా ఏళ్లపాటు తెల్లపావులతో ప్రధానంగా ఆడింది ఇదే. నలుపుకు ఇక్కడ కూడా దారులు తక్కువేం కాదు, కానీ వాటిలో పెద్ద భాగం ఒకే బంట్ల అమరికకు చేరేలా తెలుపు నడపగలదు. ఇ4తో పోలిస్తే డి4కి ఉన్న నిజమైన లాభం ఇదే అనుకుంటాను.

క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డ్‌లో మార్పిడి దారిని దగ్గరగా చూద్దాం. డి4, డి5, సి4, ఇ6, గుర్రం సి3, గుర్రం ఎఫ్6, ఇప్పుడు సి బంటుతో డి5ని కొట్టగానే నలుపు ఇ బంటుతో తిరిగి కొడుతుంది. ఇక్కడ ఏర్పడే అమరికను 1923 కార్ల్స్‌బాద్ టోర్నమెంట్ పేరుతో పిలుస్తారు. తెలుపుకు సి నిలువు వరుస సగం తెరుచుకుంటుంది, నలుపుకు ఇ నిలువు వరుస సగం తెరుచుకుంటుంది. మంత్రి వైపు తెలుపుకు ఎ, బి బంట్లు రెండే ఉంటే, నలుపుకు ఎ, బి, సి అని మూడుంటాయి. తక్కువ ఉన్నవాడు ఎక్కువ ఉన్నవాడి మీద దాడి చేయడమే ఇక్కడి విచిత్రం. బిషప్ జి5కి, ఇ3, బిషప్ డి3కి, మంత్రి సి2కి, గుర్రం ఎఫ్3కి, క్యాస్లింగ్ అయ్యాక ఎ1 ఏనుగును బి1కి జరిపి బి4, బి5 తోస్తే, నలుపు సి6 దగ్గర బంటు మార్పిడికి ఒప్పుకోక తప్పదు. మార్పిడి జరిగాక సి6లో మిగిలే బంటు వెనుకబడిపోతుంది, దాని ఎదుట సి వరుస తెలుపు ఏనుగులకు తెరిచి ఉంటుంది, ఆట చివరిదాకా నలుపు దాన్ని కాపలా కాస్తూ కూర్చోవాలి. నలుపు ఊరికే ఉండదు, గుర్రాన్ని ఇ4కి తెచ్చి రాజు వైపు దాడికి దిగుతుంది. ఎవరి దాడి ముందు ఫలిస్తుందన్నదే ఈ ఆట సారాంశం. తెలుపుకు రెండో పథకం కూడా ఉంది: జి1 గుర్రాన్ని ఎఫ్3కి కాక ఇ2కి తెచ్చి, ఎఫ్3, ఇ4 తోసి మధ్యలో విరుచుకుపడటం. ఒకే అమరికలో రెండు వేర్వేరు ఆలోచనలు దొరకడం వల్ల ఏళ్ల తరబడి ఆడినా విసుగు రాదు.

సింగపూర్ మూడో గేములో గుకేశ్ 37 ఎత్తుల్లో గెలిచింది ఈ మార్పిడి దారిలోనే. కాకపోతే అక్కడ గుర్రం ముందే ఎఫ్3కి వచ్చింది, దాంతో నలుపు బిషప్ ఎఫ్5కి బయటపడి, ఆపై సి2దాకా చొరబడి అక్కడే చిక్కుకుపోయింది. మామూలుగా ఆ బిషప్ బయటపడటం నలుపుకు మేలు చేస్తుంది, కాబట్టి మార్పిడి దారిని ఆడదలచినవారు సి3 గుర్రాన్ని ముందు తెచ్చి, ఎఫ్3 గుర్రాన్ని ఆలస్యం చేయడం మంచిది. అలా చేస్తే నలుపుకు బిషప్‌ను బి4కి తెచ్చే నిమ్జో-ఇండియన్ అవకాశం దొరుకుతుంది. రెండింటినీ ఒకేసారి అడ్డుకునే వరుస లేదు. నిమ్జో చదవడానికి తీరిక లేకపోతే గుర్రాన్ని ఎఫ్3కి తెచ్చి, కొంచెం తక్కువ రకం మార్పిడితో సరిపెట్టుకోవాలి.

డి4లో ఉచ్చులు ఉండవన్న మాట నమ్మవద్దు. పై వరుసలోనే తెలుపు నాలుగో ఎత్తుగా బిషప్‌ను జి5కి తెస్తే, నలుపు గుర్రాన్ని డి7కి తెస్తుంది. తెలుపు డి5లో బంటు మార్చుకున్న తర్వాత, ఎఫ్6 గుర్రం కదిలితే దాని వెనకున్న మంత్రి పోతుంది కదా అనే ధీమాతో డి5 బంటును గుర్రంతో కొడితే, నలుపు గుర్రం నిశ్చింతగా ఆ గుర్రాన్ని కొడుతుంది. తెలుపు బిషప్ మంత్రిని కొట్టగానే నలుపు బిషప్ బి4కి వచ్చి చెక్ ఇస్తుంది, అడ్డం పెట్టడానికి తెలుపుకు మంత్రి తప్ప వేరే పావు ఉండదు. మార్పిడులన్నీ ముగిసేసరికి నలుపుకు ఒక పావు మిగులుతుంది. జిల్లా స్థాయి టోర్నమెంట్లలో ఇందులో పడేవారు ఇప్పటికీ ఉంటారు.

డి4 ఆటగాడిని నిజంగా ఇబ్బంది పెట్టేది కింగ్స్ ఇండియన్. నలుపు మధ్యలో బంట్లన్నీ తెలుపుకే వదిలేసి, బిషప్‌ను జి7లో ఉంచి, డి6, ఇ5తో తర్వాత కొడుతుంది. తెలుపు డి5 తోసి మధ్యను మూసేస్తే ఆట రెండు వైపులకు చీలిపోతుంది: తెలుపు సి5 కోసం మంత్రి వైపు, నలుపు ఎఫ్5 తోసి నేరుగా మన రాజు వైపు. మనం మంత్రి వైపు బంటు గెలుచుకునేలోగా వాళ్లు రాజు మీదికి వచ్చేస్తారు. సమయం తక్కువున్న ర్యాపిడ్ ఆటల్లో ఈ స్థానం తెలుపుకు మరీ ప్రమాదం. జి3 తోసి, బిషప్‌ను జి2లో పెట్టి, రాజు చుట్టూ గోడ కట్టుకునే దారి ఇక్కడ ప్రశాంతమైన మందు. నలుపు గ్రున్‌ఫెల్డ్ రక్షణ ఆడినా ఇదే పొందిక పనికొస్తుంది.

ఇంత చదువు వద్దు అనుకునేవారికి లండన్ సిస్టం ఉంది: డి4, బిషప్ ఎఫ్4కి, ఇ3, సి3, గుర్రం ఎఫ్3కి, బిషప్ డి3కి, రెండో గుర్రం డి2కి. నలుపు ఏం ఆడినా దాదాపు ఇవే ఎత్తులు. దీన్ని పిల్లలాట అని కొట్టిపారేసేవారికి సింగపూర్ ఆరో గేము, పదో గేము చూపించాలి, రెండింటిలోనూ డింగ్ దీన్నే ఆడాడు. రెండూ డ్రా అయ్యాయి. లోపం ఎక్కడంటే, నలుపు సి5 తోసి మంత్రిని బి6కి తెచ్చినప్పుడు బిషప్ విడిచి వెళ్లిన బి2 గడి బలహీనపడుతుంది. హెచ్5కి వచ్చే గుర్రం ఎఫ్4 బిషప్‌ను మార్చుకోవాలని చూస్తుంది, అందుకే చాలామంది హెచ్3 తోసి బిషప్‌కు హెచ్2 దారి ఉంచుతారు. ఈ రెండు సంగతులూ తెలిస్తే లండన్‌తో టోర్నమెంట్లు ఆడేయవచ్చు. అయినా పిల్లలకు మొదటి ఓపెనింగ్‌గా దీన్ని నేర్పడం నాకు ఇష్టం లేదు. ఎదుటివాడు ఏం చేస్తున్నాడో చూడకుండా అవే ఎత్తులు పేర్చే అలవాటు పడుతుంది, బంట్ల అమరికలు రకరకాలుగా ఎదురుకావు, రెండేళ్ల తర్వాత లెక్క కట్టవలసిన ఆట వచ్చినప్పుడు చేతులు కట్టేసినట్టు ఉంటుంది. వారానికి రెండు గంటలు కూడా దొరకని నలభై ఏళ్ల ఉద్యోగికి ఇదే ఓపెనింగ్ వరం.

సి4, గుర్రం ఎఫ్3 గురించి క్లుప్తంగా చెప్పవచ్చు. ఇవి వేరే దారులకు చేర్చే దొడ్డిదారులు, కాబట్టి చేరే చోటు ముందే తెలిసినవారికే ఉపయోగం. 1972లో రేక్యవిక్‌లో అప్పటి చాంపియన్ స్పాస్కీతో ఆడిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో, అప్పటిదాకా ఇ4నే నమ్ముకున్న ఫిషర్ ఆరో గేమును సి4తో మొదలుపెట్టాడు. కొన్ని ఎత్తుల్లోనే అది క్వీన్స్ గాంబిట్‌గా మారింది, స్పాస్కీకి ఇష్టమైన రక్షణ మీదే ఫిషర్ గెలిచాడు. ఆ గేము చూసి సి4 ఎంచుకునేవారు, అది గెలిచింది సి4 వల్ల కాదని, లోపల క్వీన్స్ గాంబిట్ తెలిసి ఉండటం వల్లనని గమనించాలి. డి4 అమరికలు వంటబట్టాక ఈ ఎత్తులకు మారడం సహజమైన మెట్టు.

ఇక గణాంకాలతో జాగ్రత్త. లీచెస్ వంటి చదరంగం వెబ్‌సైట్లలో, ఏ ఎత్తుకు ఎన్ని గెలుపులో చూపే ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్ ఉచితంగా దొరుకుతుంది, దానిలో గ్రాండ్‌మాస్టర్ల గేములు వేరుగా, సాధారణ ఆటగాళ్ల గేములు వేరుగా చూడవచ్చు, రేటింగ్ (ఆటగాడి బలాన్ని చూపే అంకె) పరిధిని కూడా ఎంచుకోవచ్చు. చాలామంది మాస్టర్ల శాతాలు చూసి నిర్ణయించుకుంటారు, కానీ మీకు రేపు ఎదురయ్యేది 1500 రేటింగ్ ఆటగాడు, అతడు ఆడేది మాస్టర్లు తిరస్కరించిన ఎత్తు. మీ రేటింగ్ పరిధిని పెట్టి, నలుపు ఎక్కువగా ఆడే నాలుగు జవాబులు ఏవో చూసి, వాటికి మాత్రం జవాబులు చదవండి. ఇంకో ఉచ్చు: కింది స్థాయిలో కొన్ని గాంబిట్‌లకు, అంటే బంటును వదులుకుని దాడికి దిగే ఓపెనింగ్‌లకు, గెలుపు శాతం ఎక్కువ కనిపిస్తుంది. అది ఎదుటివారు మొదటిసారి చూసి తడబడిన ఫలితం, అందులో ఓపెనింగ్ గొప్పతనం ఏమీ లేదు. ఇంజన్‌ను ఓపెనింగ్ ఎంపికకు కాక, ఓడిన గేములో ఎక్కడ దారి తప్పామో తెలుసుకోవడానికి వాడుకుంటే మేలు. పన్నెండో ఎత్తుదాకా స్థానం సమానంగా ఉండి, 25వ ఎత్తులో పావు పోగొట్టుకుంటే ఓపెనింగ్ మార్చి ప్రయోజనం లేదు.

నా సిఫారసులు ఇవి. పన్నెండేళ్లలోపు పిల్లలకు, లెక్క కట్టే శక్తి పెంచుకోవాలనుకునే పెద్దలకు ఇ4, దానితో నెమ్మది ఇటాలియన్, అలాపిన్, ఫ్రెంచ్‌లో ముందుకు తోసే దారి. ఓపికగా చిన్న ఆధిక్యాన్ని పెంచుకుంటూ పోవడం ఇష్టమైనవారికి డి4, మార్పిడి దారి, కింగ్స్ ఇండియన్ మీద జి3. తీరిక లేనివారికి లండన్. 1800 రేటింగ్ దాటి, ప్రత్యర్థులు ముందే సిద్ధమై వస్తున్నారని గమనించినవారికి సి4 లేదా గుర్రం ఎఫ్3.

నల్లపావుల సంగతి వేరే చర్చ అయినా, ఎంపికను దానితో కలిపి చూస్తే చదువు సగం తగ్గుతుంది. తెల్లపావులతో మార్పిడి దారి ఆడేవారు నల్లపావులతో ఇ4కి కారో-కాన్‌ను, డి4కి స్లావ్‌ను ఎంచుకోవచ్చు. రెండింటిలోనూ సి6, డి5 బంట్లే పునాది. పైగా కారో-కాన్‌లో తెలుపు డి5 దగ్గర బంటు మార్చుకుని బిషప్‌ను డి3కి తెచ్చినప్పుడు ఏర్పడేది తలకిందులైన కార్ల్స్‌బాద్ అమరికే. తెలుపుకు డి4, సి3 బంట్లుంటాయి, సగం తెరిచిన సి వరుస ఇప్పుడు మన చేతిలో ఉంటుంది, తెల్లపావులతో బి4, బి5 తోసిన పథకాన్నే నల్లపావులతో బి5, బి4 అని ఆడవచ్చు. ఇటాలియన్ ఆడేవారైతే ఇ4కి ఇ5నే జవాబుగా పెట్టుకుని, అవతలివైపు నుంచి అవే స్థానాలను చూడటం ఉత్తమం.